చూడ్డానికి మనిషి దిగనక్కర్లేదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవాల కమిటీ నుంచి నా క్లాస్‌మేటే ఫోన్ చేశాడు. "నీ వృత్తి గురించి ఓ పావుగంట మాట్లాడాలిరా" అన్నాడు. "నా వృత్తి డ్రైనేజీ పైపులు. పర్లేదా?" అన్నాను. కాసేపు అవతల్నుంచి మాట లేదు. తర్వాత "పర్లేదు గానీ, భోజనాలకు ముందు మాత్రం పెట్టం" అన్నాడు. అందుకే నా వంతు టీ తర్వాత వచ్చింది. మీరంతా కడుపు నిండా తిని కూర్చున్నారు కాబట్టి ధైర్యంగా మొదలుపెడుతున్నాను.

నేను చేసే పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, రోడ్డు కింద ఉన్న మురుగునీటి పైపుల్లోకి కెమెరా పంపించి, ఎక్కడ పగిలిందో, ఎక్కడ పూడిందో చూడటం. వీలైతే రోడ్డు తవ్వకుండానే బాగుచేయడం. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని.

ముందు ఆ పైపు సంగతి చెప్తాను. మంచినీళ్ళ పైపులో నీళ్ళు ఒత్తిడితో వస్తాయి. మురుగు పైపులో సాధారణంగా ఒత్తిడి ఉండదు. వాలు ఉంటుంది, అంతే. ఆ వాలు మీద నీళ్ళు సెకనుకు కనీసం అరవై సెంటీమీటర్ల వేగంతోనైనా కదలాలి. అంతకంటే నెమ్మదిస్తే ఇసుక, మట్టి అడుగున పేరుకుంటాయి. పైపు తనను తాను కడుక్కుంటూ పోవాలన్నది లెక్క. చిన్న లైన్లమీద ముప్ఫై మీటర్లకొకటి చొప్పున, మలుపు తిరిగిన చోటా వాలు మారిన చోటా ఒక మ్యాన్‌హోల్ కడతారు. పైన మనకు కనిపించేది ఆ మూత ఒక్కటే.

హైదరాబాదునే తీసుకోండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచేశాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరద ఆపే జలాశయాల సంగతి అందరికీ తెలుసు. ఆయన నగరానికి మురుగునీటి పథకం కూడా తయారుచేశారన్నది చాలామందికి తెలియదు. ఉస్మాన్‌సాగర్‌ను చూడ్డానికి జనం వెళ్తారు. పైపును చూడ్డానికి ఎవరు వెళ్తారు? భూమిలో పూడ్చాక ఇక దాన్ని ఎవరూ చూడరు. కంపు కొట్టినప్పుడో రోడ్డు కుంగినప్పుడో గుర్తుకొస్తుంది.

అయితే కెమెరాలు రాకముందు లోపల ఏముందో ఎలా తెలుసుకునేవారు? దానికి జవాబు మన సైన్సు మాస్టారు ఎనిమిదో తరగతిలోనే చెప్పారు. మూడు అట్టముక్కలకు చిల్లులు పెట్టి, వరసగా నిలబెట్టి, అటు కొవ్వొత్తి వెలిగించి ఇటునుంచి చూడమన్నారు. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుంది కాబట్టి మూడు చిల్లులూ ఒకే వరసలో ఉంటేనే మంట కనిపిస్తుంది. మేం సైట్‌లో చేసింది సరిగ్గా అదే. ఒక మ్యాన్‌హోల్‌లో దీపం, అవతలి మ్యాన్‌హోల్‌లో వాలుగా పట్టిన అద్దం. పైపు బాగుంటే అద్దంలో నిండు పున్నమి చంద్రుడు కనిపిస్తాడు. పూడిక ఉంటే అడుగు కోసుకుపోయి సగం చంద్రుడు. ఏమీ కనిపించకపోతే అమావాస్య. అప్పుడు వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి లోపలికి తోసేవాళ్ళు. అదీ కదలకపోతే మనిషిని దింపేవాళ్ళు.

ఈ చివరి మాట దగ్గర నేను కొంచెం ఆగాలి. పావుగంటలో సరదాగా ముగించొచ్చు. కానీ ఇది చెప్పకుండా కెమెరా గురించి చెప్తే అబద్ధం చెప్పినట్టే.

అది 1996. నాకు ఇరవై ఆరేళ్ళు. ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుగా ఉన్నాను. ఒక కాలనీలో లైను పొంగి ఇళ్ళలోకి మురుగు వస్తోంది. అద్దంలో అమావాస్య. వెదురు బద్ద ఒకచోటికి వెళ్ళి ఆగిపోతోంది. అది పూడికా, విరిగిన పైపా తేలాలి. పూడికైతే బకెట్లు పెట్టి లాగాలి, విరిగితే తవ్వాలి. రెండింటికీ ఖర్చు వేరు. మ్యాన్‌హోల్ పదిహేనడుగుల లోతు. మూత తీసి అరగంట కూడా కాలేదు. అక్కడున్న కార్మికుల్లో పెద్దాయన్ని చూసి నేనే అన్నాను, "ఒక్కసారి దిగి చూడన్నా" అని.

ఆయన తువ్వాలు ముక్కుకు కట్టుకుని దిగాడు. అడుగున నిలబడి గడకర్రతో కదిపాడు. "సార్, ఇక్కడ..." అన్నాడు. ఆ మాట పూర్తికాలేదు.

లోపల ఉండే వాయువు హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. పిల్లలు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. కొంచెం ఉంటేనే ఆ వాసన తెలుస్తుంది. గాలిలో పది లక్షల పాళ్ళకు వంద పాళ్ళు దాటితే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన లేదు, ఫర్వాలేదు అనుకుంటాం. ఏడు వందలు, వెయ్యికి చేరితే ఒకటి రెండు ఊపిరులకే మనిషి కూలిపోతాడు. ఈ వాయువు గాలికంటే బరువు, అందుకే అడుగున ఉండిపోతుంది. బురదలో ఇమిడి ఉన్నది కదిపితే ఒక్కసారిగా పైకి వస్తుంది. ఆయన్ని కాపాడదామని ఇంకో కుర్రాడు దూకబోతే, పక్కవాళ్ళు పట్టి ఆపారు. లేకపోతే ఇద్దరు పోయేవారు. ఫైరింజను వచ్చి ఆయన్ని పైకి తెచ్చేసరికి ముప్పావుగంట దాటింది. బతకలేదు.

మరుసటి వారం తవ్వితే కనిపించింది. మ్యాన్‌హోల్ నుంచి పదకొండు మీటర్ల దూరంలో ఒక అతుకు జారిపోయి, అందులోంచి రావిచెట్టు వేళ్ళు జుట్టులాగా లోపలికి దిగి ఉన్నాయి. కాగితాల మీద "ప్రమాదవశాత్తు కాలుజారి పడిపోయాడు" అని రాశారు. సాక్షుల కింద నా సంతకం ఉంది.

తర్వాత రెండేళ్ళకు ఉద్యోగం మీద గల్ఫ్ వెళ్ళాను. అక్కడ మొదటిసారి చూశాను. మ్యాన్‌హోల్ పక్కన ఒక వ్యాను ఆగింది. మన పిల్లలాడుకునే బొమ్మ ట్రాక్టరంత బండి, ముందు కెమెరా, చుట్టూ లైట్లు, వెనక పొడుగాటి కేబుల్. దాన్ని తాడుతో కిందికి దించి పైపులో పెట్టారు. వ్యానులో ఏసీలో కూర్చున్న కుర్రాడు చేతిలో ఉన్న మీట తిప్పుతుంటే, బండి లోపల నడుస్తోంది. తెరమీద పైపు లోపలి గోడ, పగుళ్ళు, అతుకులు, అన్నీ. పక్కన మీటర్లలో దూరం పడుతోంది. అందరూ తెర చూస్తున్నారు. నేను మాత్రం ఆ మ్యాన్‌హోల్ కేసి చూస్తూ నిలబడ్డాను. అందులో మనిషి లేడు.

ఈ కెమెరా పని చాలా పద్ధతిగా సాగుతుంది. మామూలుగా మేం మాట్లాడే భాష గడియారం భాష. పైపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి, పైభాగం పన్నెండు గంటలు, అడుగు ఆరు గంటలు. "పద్నాలుగు మీటర్ల దగ్గర, మూడు గంటల వైపు ఇంటి కనెక్షన్ లోపలికి పొడుచుకొచ్చింది" అని రాస్తాం. ప్రతి లోపానికీ ఒక గుర్తు, ప్రతి పైపుకూ ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడు. ఒకటి అంటే బాగుంది. ఐదు అంటే కూలిపోయింది లేదా నేడో రేపో కూలుతుంది. ఈ పద్ధతిని బ్రిటన్ వాళ్ళు 1980లో పుస్తకంగా వేశారు. దీనివల్ల లాభమేమిటంటే, పదేళ్ళ తర్వాత ఇంకో ఇంజనీరు అదే పైపులోకి వెళ్ళినా రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఎక్కడ పెద్ద గొడవ అయితే అక్కడ తవ్వడం కాకుండా, ఎక్కడ ఐదు వస్తే అక్కడ ముందు పని చేయొచ్చు.

లోపల ఏం కనిపిస్తాయి? చెట్ల వేళ్ళు, జారిన అతుకులు, కుంగిన పైపులు. సిమెంటు పైపుల పైకప్పు సున్నంలా రాలిపోయి లోపలి ఇనుప ఊచలు బయటపడతాయి. అది కూడా ఆ వాయువు పనే. పైకప్పు తడిలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. అందుకే నీళ్ళు పారే అడుగు బాగానే ఉండి, నీళ్ళు తగలని పైభాగం తినేసుకుపోతుంది. ఇక మనం వేసేవి వేరు. గట్టిపడిన నూనె, చీర ముక్కలు, శానిటరీ ప్యాడ్లు, పాలిథిన్ సంచులు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు మాలు. ఒకసారి పైపు మధ్యలోంచి అడ్డంగా ఇంకో ప్లాస్టిక్ పైపు దూసుకుపోయి కనిపించింది. కేబుల్ వేయడానికి భూమిలో రంధ్రం చేసినవాళ్ళు మన పైపును అటూ ఇటూ పొడిచేసి వెళ్ళిపోయారు. వాళ్ళకూ తెలియదు. దానికి చుట్టుకున్న చెత్తే ఆ వీధిని రెండేళ్ళు ముంచింది. అన్నేళ్ళూ కార్మికుల్ని తిట్టారు, "సరిగ్గా తీయట్లేదు" అని.

చూడటం అయ్యాక బాగుచేయడం. తవ్వకుండా బాగుచేయొచ్చా అంటే, చాలావరకు చేయొచ్చు. ఎరిక్ వుడ్ అనే ఆంగ్లేయుడు 1971లో లండన్‌లో మొదటిసారి చేసి చూపించాడు. ఫెల్టు గుడ్డతో పొడుగాటి గొట్టం కుట్టి, దాన్ని రెజిన్‌లో నానబెడతారు. చొక్కా చెయ్యి తిరగేస్తాం చూడండి, అలా నీటి ఒత్తిడితో ఆ గొట్టాన్ని తిరగేస్తూ పాత పైపులోకి పంపుతారు. రెజిన్ ఉన్న వైపు పాత గోడకు అతుక్కుంటుంది. తర్వాత లోపల వేడినీళ్ళు తిప్పితే కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. పాత పైపు లోపల అతుకుల్లేని కొత్త పైపు తయారవుతుంది. లోపలి వెడల్పు కొంచెం తగ్గినా గోడ నున్నగా ఉంటుంది కాబట్టి నీళ్ళు బాగానే పారతాయి.

ఇందులో ఒక చిక్కుంది. కొత్త గోడ రాగానే ఇళ్ళ కనెక్షన్లన్నీ మూసుకుపోతాయి. లోపలికి చిన్న కోతయంత్రాన్ని పంపి, కెమెరాలో చూస్తూ ఒక్కొక్కటీ తెరవాలి. అందుకే ముందే కెమెరాతో ఏ కనెక్షను ఎన్ని మీటర్ల దగ్గర, ఎన్ని గంటల వైపు ఉందో రాసుకోవాలి. ఒకసారి మేం ఒకటి వదిలేశాం. మర్నాడు పొద్దున్నే ఒక పెద్దావిడ వ్యాను దగ్గరికి వచ్చి, "నాయనా, మీ కొత్త పైపు చాలా బాగుందట, మరి మా బాత్రూమ్ ఎందుకు చెరువైంది?" అని అడిగింది. ఆ రోజు నుంచి లెక్క మూడుసార్లు చూడందే యంత్రం దింపను.

కెమెరా అన్నీ చేస్తుందని మాత్రం అనుకోకండి. నీళ్ళు నిండి ఉంటే దానికీ ఏమీ కనిపించదు. ముందు జెట్టింగ్ మెషిన్‌తో కడగాలి, అవసరమైతే నీళ్ళను పంపులతో పక్కకు మళ్ళించాలి. పూర్తిగా కూలిన పైపునూ, వాలు పోయి కుంగిన పైపునూ గుడ్డ గొట్టం బాగుచేయలేదు. తవ్వక తప్పదు. కానీ తవ్వేచోటు తెలిసి తవ్వుతాం. వీధంతా కాకుండా రెండు మీటర్లు తవ్వుతాం. అంతకంటే ముఖ్యం, చూడ్డానికి మనిషి దిగనక్కర్లేదు.

మరి ఇంత సాధనం ఉండగా ఇప్పటికీ మ్యాన్‌హోళ్ళలో, సెప్టిక్ ట్యాంకుల్లో మనుషులు ఎందుకు చనిపోతున్నారు? నాకు తెలిసిన జవాబు ఒకటే. యంత్రానికి అద్దె కట్టాలి, మనిషి చవక. ఎప్పుడూ ఒకే కొన్ని కులాల, కుటుంబాల మనిషే దిగుతాడు కాబట్టి మనకు నొప్పి తెలియదు. మన తెలుగు కుటుంబంలోనే, కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన బెజవాడ విల్సన్‌గారు జీవితమంతా దీనిమీదే పోరాడారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. 2013లో చట్టం వచ్చింది. రక్షణ లేకుండా ఎవర్నీ మురుగు కాలువలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ దింపకూడదు, నేరుగానైనా, కాంట్రాక్టరు ద్వారానైనా. మొదటిసారి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అది అధికారులకే కాదు, ఇంట్లో ట్యాంకు తీయించే మనకూ వర్తిస్తుంది.

2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు పనుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని. 2023లో ఆ మొత్తాన్ని ముప్ఫై లక్షలు చేశారు. మొదటి తీర్పు పేపర్లో చదివినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. 1996 ఆ లెక్కలోకి వస్తుంది. కానీ కాగితంలో ఆయన కాలుజారి పడ్డాడు. మస్టర్‌లో రోజుకూలీ అని ఉంది. మురుగు పనిలో పోయాడని ఎక్కడా లేదు. చెప్పగలిగినవాళ్ళలో నేనొకణ్ణి.

నిజం చెప్తున్నాను, ఐదు నెలలు ఏమీ చేయలేదు. పాత సంతకం అబద్ధమని నేనే ఒప్పుకోవాలి. స్నేహితులు "ఇప్పుడెందుకు తవ్వుకోవడం" అన్నారు. మా ఆవిడ మాత్రం, "మీరు నిద్రలో ఇప్పటికీ ఆయన్ని దిగొద్దంటూనే ఉన్నారు. పగలు కూడా ఒకసారి చెప్పండి" అంది. వెతుక్కుంటూ వెళ్ళాను. వాళ్ళమ్మాయి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయాగా చేస్తోంది. తండ్రి పోయేనాటికి తొమ్మిదేళ్ళు. ఆమె అప్పటికే దరఖాస్తు పెట్టుకుంది, ఆధారం లేదని తిప్పి పంపారు. ఆ రోజు ఏం జరిగిందో, ఎవరు దిగమన్నారో అన్నీ రాసి అఫిడవిట్ ఇచ్చాను. డబ్బు చేతికి రావడానికి మరో రెండేళ్ళు పట్టింది. ఆమె ఒద్దంది కాబట్టి ఆయన పేరు ఇక్కడ చెప్పను.

ఆమె నన్ను తిట్టలేదు. ఒకటే అడిగింది. "ఆ రోజు మా నాన్న దేనికి దిగాడు సార్?"

"లోపల ఏముందో చూడ్డానికమ్మా" అన్నాను.

"చూడ్డానికేనా?" అంది.

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. చేసే పని మాత్రం ఉంది.

అందుకే చివరగా మూడు మాటలు అడుగుతాను. ఒకటి, ఇంట్లో వంటనూనె, గుడ్డలు, ప్యాడ్లు డ్రైనేజీలో వేయకండి. డాబా మీది వాననీటి పైపును డ్రైనేజీకి కలపకండి. వానాకాలం మ్యాన్‌హోళ్ళు పొంగడానికి అదొక పెద్ద కారణం. రెండు, మీ ఇంటి సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్ళకోసారి సక్షన్ ట్యాంకరుతో తీయించండి. ట్యాంకరుతో వచ్చినవాళ్ళు "అడుగున కొంచెం ఉంది, దిగి తీసేస్తాం" అంటే, ఆ కొంచెం అక్కడే ఉండనివ్వండి. దింపకండి.

మూడోది మన బడి సంగతి. స్వర్ణోత్సవాల గుర్తుగా మన సంఘం ఆడపిల్లలకు కొత్త మరుగుదొడ్లు కట్టిస్తోంది. దాతల పేర్ల రాతిపలక ఎక్కడ పెట్టాలన్నది ఇప్పటికే తేలింది. పైపులు ఎక్కడ వెళ్తాయన్నది కూడా కాగితం మీద పెడదాం. మలుపు తిరిగిన ప్రతిచోటా చాంబర్ కట్టిద్దాం. పూడ్చిన తర్వాత, బిల్లు చెల్లించే ముందు, పైపులోకి కెమెరా పంపించి చూద్దాం. కొత్త పైపుల్లోనూ లోపాలు మొదటి రోజే దొరకొచ్చు. ఆ వీడియో, నక్షా హెడ్మాస్టరుగారి బీరువాలో ఉండాలి. ట్యాంకు మూత మీద "లోపలికి దిగరాదు" అని చెరగని అక్షరాలతో రాయిద్దాం. కెమెరా, వ్యాను నేను తెస్తాను. సంఘం ఒక్క పైసా ఇవ్వనక్కర్లేదు.

ఆ రోజు పదో తరగతి పిల్లల్ని వ్యాను దగ్గరికి పంపమని మాస్టార్లను కోరుతున్నాను. మూడు అట్టముక్కల ప్రయోగం చూపించాక పంపితే మరీ మంచిది.